గోదామునకును దినచర్య కావలెను

ఆయుర్వేదమునకు ప్రయోజనములు రెండు. ఆరోగ్యవంతుని ఆరోగ్యమును కాపాడుట మొదటిది. రోగికి కలిగిన రోగమును పోగొట్టుట రెండవది. మన పూర్వాచార్యులు ఈ వరుసలోనే చెప్పినారు. లోకము మాత్రము ఈ వరుసను తారుమారు చేసినది. ఒళ్లు బాగున్నంత కాలము వైద్యుని గడప తొక్కువారు అరుదు. జ్వరము ముదిరి, ఆకలి మందగించి, కంటికి నిద్ర దూరమైన పిమ్మటనే వైద్యుడు జ్ఞాపకమునకు వచ్చును.

ఈ అలవాటు దేహమునకు చేయు హానిని ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అదే అలవాటు మన గోదాములలోను వేళ్లూనుకొన్నది. కప్పు కారిన తరువాత రేకు మార్చుదురు. తీగ కాలిన తరువాత ఎలక్ట్రీషియనును పిలుతురు. పురుగు పట్టిన తరువాత మందు బిళ్లలు వేయుదురు. అంతవరకు అడిగినవారికి దొరకు సమాధానము ఒక్కటే: "నడుస్తున్నది కదా!"

వైద్యునికి గోదాములతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. మన కంచములోనికి వచ్చు ప్రతి మెతుకును, ప్రతి చిటికెడు పసుపును ఏదో ఒక గోదాములో కొన్ని వారములో, కొన్ని నెలలో ఉండి వచ్చినదే. వంటింట పథ్యము పాటించి గోదామును గాలికి వదలినచో ఆ పథ్యము సగమే. కావున గోదాము సంరక్షణ ఆరోగ్యశాస్త్రములో భాగమని నా నిశ్చితాభిప్రాయము.

మన ఊరి సంగతి

వరంగల్లువారికి గోదాములను క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. ఎనుమాముల వ్యవసాయ మార్కెటు ఆసియాఖండములోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరుపొందినది. మిర్చి, పత్తి, పసుపు, మొక్కజొన్న ఇచటికి బండ్లకొలది వచ్చును. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిర్చి ఈ నేలదే. ధర రాని యెడల రైతు తన మిర్చిని శీతల గిడ్డంగిలో ఉంచి ఎదురుచూచును. ధాన్యము మిల్లులకు, అచటి నుండి గోదాములకు, పిదప దుకాణములకు చేరును.

ఈ ప్రయాణములో పంటకు కష్టకాలము మన వర్షర్తువు. వేసవిలో ఎండిన సరుకు, తొలకరి మొదలుకొని నాలుగు మాసములు తేమ నడుమ గడపవలెను. ఇచటి వానలు ఎట్టివో మనము చూచియున్నాము. 2023 జులై నెలాఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినములోనే 64 సెంటీమీటర్లకు పైగా వర్షము నమోదైనది. అట్టి వాన కురిసిన రాత్రి గోదాము కప్పును బాగుచేయుట ఎవరి తరము? ఆ పని గ్రీష్మములోనే జరిగియుండవలెను.

పెద్దలు చెప్పిన భేషజాగారము

సరుకును నిలువచేయుట ఒక శాస్త్రమని మన పెద్దలు ఎన్నడో గ్రహించినారు. చరకసంహిత కల్పస్థానములో భేషజాగారము, అనగా ఔషధములను భద్రపరచు గృహము, ఎట్లుండవలెనో చెప్పబడినది. ద్వారము తూర్పునకో ఉత్తరమునకో ఉండవలెను. పెనుగాలి తగులరాదు గాని ఒకవైపు గాలి ఆడవలెను. అగ్ని, నీరు, తేమ, పొగ, దుమ్ము, ఎలుకలు, చతుష్పాద జంతువులు, వీనికి అందరాదు. పాత్రలకు మూతలుండవలెను. వానిని శిక్యములలో వ్రేలాడదీయవలెను. శిక్యమనగా మన ఇండ్లలోని ఉట్టియే. సుశ్రుతాచార్యుడును ఔషధములను వస్త్రములలో, మట్టిపాత్రలలో, పలకలపైన, మేకులకు తగిలించి శుచియైన స్థలమున ఉంచవలెనని చెప్పెను.

నేటి గోదాములలో బస్తాల క్రింద చెక్క చట్రములు పరచుట, గోడకును బస్తాలకును నడుమ ఎడము విడుచుట, పైన గాలి గవాక్షములుంచుట మొదలగునవి ఈ సూత్రములకు భిన్నము కావు. వరుసగా చదివినచో చరకుని జాబితా నేటి గోదాము తనిఖీ పట్టికవలెనే కనబడును.

ఆ భేషజాగారములో నిత్యము పుష్పములు సమర్పించి బలికర్మ చేయవలెననియు చరకుడు చెప్పెను. ఇందులో దైవభక్తితోపాటు లౌకిక ప్రయోజనమొకటి ఉన్నదని నా అభిప్రాయము. ప్రతిదినము పూజ జరుగు గదిలోనికి ప్రతిదినము ఒక మనుష్యుడు ప్రవేశించును. ప్రవేశించినవాడు తేమ వాసనను పసిగట్టును, ఎలుక కొట్టిన మూటను చూచును, జారిన మూతను సరిచేయును. తాళము వేసి మూడు నెలలు మరచిన గదికి ఈ భాగ్యము లేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రములో కోష్ఠాగారాధ్యక్షుడను అధికారి కలడు. వచ్చిన సరుకులో సగము ఆపత్కాలమునకు ఉంచి, పాతదానిని క్రొత్తదానితో మార్చుచుండుట అతని విధి. ముందు వచ్చినది ముందు పోవలెనను నేటి గోదాముల నియమము ఇదియే.

ఆరు మెట్లు

వ్యాధి ఒక్కనాడు పుట్టదు. సుశ్రుతుడు దాని రాకను ఆరు మెట్లుగా చెప్పెను: సంచయము, ప్రకోపము, ప్రసరము, స్థానసంశ్రయము, వ్యక్తి, భేదము. మొదటి మెట్టు వద్దనే దోషమును అణచినచో అది పై మెట్టు ఎక్కదు. ఎక్కినకొలది బలము పెరుగును, చికిత్స కఠినమగును.

గోదాము విషయములోను ఈ ఆరు మెట్లు చక్కగా కనబడును. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, కప్పు రేకునకు బిగించిన బోల్టు ఒకటి వదులగును. ఇది సంచయము. తొలకరిలో ఆ రంధ్రము గుండా నీరు దిగి గోడపై చారలు కట్టును. ఇది ప్రకోపము. ఆ నీరు నేలకు ప్రాకి అడుగు వరుస బస్తాలను తాకును. ఇది ప్రసరము. తడిసిన ఒక మూలలో గింజ వేడెక్కి బూజునకు నెలవు దొరకును. ఇది స్థానసంశ్రయము. ముక్కవాసన, గడ్డకట్టిన గింజలు, రంగు మారిన గోనె కనబడుట వ్యక్తి. బస్తాలు చివికి, సరుకంతయు చెడి, అది తెలియక తిన్నవారు మంచమెక్కుట భేదము.

మొదటి మెట్టున కావలసిన ఔషధము ఒక్క బోల్టు, ఒక్క నిచ్చెన, ఒక్క గంట కాలము. ఆరవ మెట్టున లక్షలు పోసినను ఆ సరుకు తిరిగి రాదు. ప్రాణము పోయిన యెడల కోట్లు పోసినను రాదు.

ఇది కల్పన కాదు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామములలో కామెర్లు వ్యాపించి వందమందికి పైగా మరణించినారు. అకాల వర్షములకు తడిసిన మొక్కజొన్నను సరిగా ఎండబెట్టక నిలువచేయుటచే దానికి బూజు పట్టినది. ఆ బూజు విసర్జించిన అఫ్లాటాక్సిన్ అను విషము కాలేయమును దెబ్బతీసినది. ఈ సంగతిని పరిశోధించి లోకమునకు తెలిపినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. ఈ విషము వండినంత మాత్రమున పూర్తిగా నశింపదు. మొక్కజొన్న, వేరుశనగ, ఎండుమిరపకాయలు దీనికి సులభముగా లోబడును. మన మార్కెట్లకు నిత్యము వచ్చు సరుకులు ఇవియే కదా!

నిప్పు, రసాయనము, మనుష్యుడు

బూజు నెమ్మదిగా చంపును. నిప్పునకును, విషవాయువునకును అంత ఓపిక లేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము వద్ద ఆర్.ఆర్. వెంకటాపురములో ఒక రసాయన కర్మాగారపు నిల్వ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించినారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచవలెను. వేడి పెరిగినచో అది తనలో తాను మార్పు చెందుచు మరింత వేడిని పుట్టించును. లాక్‌డౌన్ దినములలో కర్మాగారము నిలిచినది గాని, ట్యాంకులోని రసాయనము తన స్వభావమును మానలేదు. పని నిలిచిన కాలములోను సంరక్షణ నిలువరాదు. ఆ దుర్ఘటన నేర్పిన పాఠము ఇదియే.

2022 మార్చి 23వ తేదీన సికింద్రాబాదు బోయిగూడలో పాత సామానుల గోదాములో అగ్ని రేగి, పై భాగమున నిద్రించుచున్న 11 మంది బీహారు కూలీలు ప్రాణములు కోల్పోయినారు. 2023 నవంబరు 13వ తేదీన నాంపల్లి బజారుఘాటులో ఒక నివాస భవనము క్రింది భాగమున ఉంచిన రసాయనపు డ్రమ్ములు అంటుకొని 9 మంది మరణించినారు. ఆ భవనమున కాపురమున్నవారు మనవంటి గృహస్థులే. గోదాము ఎక్కడనో ఊరి బయట ఉన్నదని మధ్యతరగతి కుటుంబములు నిశ్చింతగా ఉండరాదు. అది మన పడకగది క్రిందనే ఉండవచ్చును.

అదే 2020లో ఆగస్టు 4న లెబనాను రాజధాని బీరూటు రేవులో ఒక గోదాము పేలి 200 మందికి పైగా మరణించినారు. అందులో 2,750 టన్నుల అమోనియం నైట్రేటు ఏండ్ల తరబడి పడియున్నది. అధికారులకు ఆ సంగతి తెలియును. ఉత్తరములు నడిచినవి. తీసివేసినవారు మాత్రము లేరు. అందరికిని తెలిసి, ఎవరిపైనను బాధ్యత లేని సరుకు అంత ప్రమాదకరము.

మన శీతల గిడ్డంగులలో పెక్కింట అమోనియా వాయువుతో చల్లదనము కల్పింతురు. గొట్టపు కీలు ఒకటి అరిగినను ఆ వాయువు కండ్లను, శ్వాసమార్గమును మండించును. పత్తి ఒక్క నిప్పురవ్వకే అంటుకొనును. తీగపై తొడుగును ఎలుక కొరికినచో ఆ రవ్వ సిద్ధముగానే ఉండును.

హమాలీ సోదరుల మాట చెప్పకున్న ఈ చర్చ అసంపూర్ణము. కటిశూలతో, విడువని దగ్గుతో, మండు కండ్లతో వైద్యుని వద్దకు వచ్చువారిలో మిర్చి బస్తాలు మోయువారు తక్కువ కాదు. వారికి కషాయము ఇచ్చి పంపవచ్చును. మరునాడు అదే దుమ్ములో, అదే పగిలిన నేలపై, అదే కదలెడు పలకపై 50 కిలోల బస్తాతో నడచినచో ఆ కషాయము ఏమి చేయగలదు? నిదాన పరివర్జనము, అనగా కారణమును తొలగించుటయే, చికిత్సలో మొదటి అడుగని మన శాస్త్రము. నేలను సరిచేయుట, దుమ్మును ఊడ్చుట, గాలి ఆడనిచ్చుట ఈ రోగములకు తొలి ఔషధములు.

మూడు ఆక్షేపణలు

ఇట్లు చెప్పినపుడు వ్యాపారులు కొన్ని ఆక్షేపణలు చేయుదురు. అవి విచారింపదగినవే.

ఖర్చు ఎక్కువ అన్నది మొదటిది. చిన్న గోదాము వానికి ఆదాయము స్వల్పమన్నది నిజమే. కాని నేను అడుగునది క్రొత్త యంత్రములు కాదు. చీపురు, నిచ్చెన, చేతిదీపము, తేమను కొలుచు చిన్న పరికరము, ఒక పుస్తకము, ఒక మనుష్యుని గంటకాలము. ఎలక్ట్రీషియనుకు ఏటికి రెండుమార్లు ఇచ్చు కూలి, కాలిన ఒక బస్తాల దొంతర విలువతో సరితూగునా?

పురుగు మందు బిళ్లలున్నవి కదా అన్నది రెండవది. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు గాలిలోని తేమ తగులగనే ఫాస్ఫీన్ అను ప్రాణాంతక వాయువును వెలువరించును. శిక్షణ పొందినవారు, గోదామును మూసి, నియమము ప్రకారము వాడిన అవి ఉపకరించును. కాని అవి చీపురునకు ప్రత్యామ్నాయము కావు. ఊడ్వని మూలలలో పురుగు మరల పుట్టును, మోతాదు మరల పెరుగును. పథ్యము లేని ఔషధము వంటిది ఈ పద్ధతి.

బీమా ఉన్నది కదా అన్నది మూడవది. బీమా సరుకునకు విలువ కట్టును. చెడిన అన్నము తిన్న బిడ్డ కాలేయమునకును, పొగలో ఊపిరాడక పోయిన కూలీ ప్రాణమునకును విలువ కట్టగల బీమా ఏది?

గోదాము దినచర్య, ఋతుచర్య

కాకతీయుల కాలము నాటి చెరువులు ఇన్ని శతాబ్దములు నిలుచుటకు రాయి గట్టిదనము ఒక్కటే కారణము కాదు. చెరువును కట్టి కాపాడినవారికి దశబంధ మాన్యములిచ్చు ఆచారముండెను. ఊరూర నీరటి అనువాడు తూమును, కట్టను కనిపెట్టుచుండెను. కట్టలో ఎలుకబొరియ కనబడిననాడే మట్టి పడెడిది. నీరటి లేని చెరువు ఏమగునో మనకు తెలియును. నీరటి లేని గోదామును అట్లే అగును. ప్రతి గోదామునకును పేరు చెప్పి నియమించిన బాధ్యుడొకడు ఉండవలెను. ప్రమాదము కనబడినపుడు యజమానిని అడుగక పనిని నిలిపివేయు అధికారము అతనికి ఇయ్యవలెను. ఈ అధికారము లేని తనిఖీ అలంకారప్రాయము.

దినచర్య: ఉదయము తలుపు తీయగనే అడుగు పెట్టకమునుపు వాసన చూడవలెను. గోడలను, నేలను, కప్పును కంటితో పరిశీలింపవలెను. దారులలో బస్తాలు అడ్డమున్నచో తొలగింపవలెను. బండి, లిఫ్టు మొదలగువాని బ్రేకులను పని ఆరంభమునకు ముందే చూడవలెను. చిందిన గింజలను ఆనాడే ఊడ్వవలెను. చూచినదంతయు పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను.

పక్షమునకు ఒకమారు: అడుగు వరుస బస్తాలలో చేయిపెట్టి వేడిని గమనింపవలెను. ధాన్యములో తేమ నూటికి 14 పాళ్లు మించకుండ చూడవలెను. ఎలుకల దారులు మూయవలెను. దొంతరలు ఒరిగినచో విప్పి మరల పేర్చవలెను.

మాసమునకు ఒకమారు: తీగలు, స్విచ్చులు, అగ్నిమాపక సాధనములు, అత్యవసర ద్వారము పరీక్షింపవలెను. ఆ ద్వారము నిజముగా తెరచి చూడవలెను. తాళము తుప్పుపట్టిన అత్యవసర ద్వారము గోడతో సమానము.

ఋతుచర్య: రోహిణి కార్తెలో కప్పు ఎక్కి ప్రతి రేకును, ప్రతి బోల్టును చూడవలెను. మృగశిర ప్రవేశించులోపల మురుగు కాలువలు తీయవలెను. శరత్తులో వాన వెలిసిన పిమ్మట సరుకును గాలికి వేయవలెను. మిర్చి రాకకు ముందు, హేమంతములో, శీతల యంత్రముల కీళ్లను, గొట్టములను నిపుణునిచే పరీక్షింపజేయవలెను.

మన ఇంటి గోదాము

ఇంతవరకు చదివిన గృహిణులు ఇది వ్యాపారుల వ్యవహారమని పత్రిక మూయవలదు. వంటింటి సామానుగది కూడ గోదామే. మన అమ్మమ్మలు గరిసెను, గుమ్మిని క్రొత్త ధాన్యము పోయకమునుపు ఖాళీచేసి, ఊడ్చి, పేడతో అలికి ఎండనిచ్చెడివారు. డబ్బాలకును అదే నియమము చాలును. పాతది అడుగున ఉండగా పైన క్రొత్తది పోయరాదు.

కందిపప్పునకు కొలది ఆముదము పట్టించి ఎండనిచ్చుట మంచి ఆచారము. బియ్యములో వేపాకు వేయువారు నీడన బాగుగా ఎండిన ఆకునే వేయవలెను. పచ్చి ఆకు తేమను తెచ్చి మేలునకు బదులు కీడు చేయును. ఎండుమిరపకాయను విరచి లోపల చూడవలెను. బూజు కనబడిన కాయలను, వేరుశనగలను, మొక్కజొన్నను కడిగి, వేయించి వాడుదమన్న ఆశ పెట్టుకొనక పారవేయవలెను. పశువులకు కూడ పెట్టరాదు. గోదాములలో వాడు మందు బిళ్లలను ఇంటి బియ్యపు డబ్బాలలో ఎన్నడును వేయరాదు. పడకగదులున్న ఇంటిలో వాని వాయువు ప్రాణములు తీయును. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

ఔషధముల విషయములోను ఇదే జాగ్రత్త. చూర్ణము రెండు నెలల పిమ్మట, గుటికలు, లేహ్యములు ఏడాది పిమ్మట వీర్యము కోల్పోవునని శార్ఙ్గధరుడు చెప్పెను. మూత విప్పని కర్మాగారపు సీసాకు దానిపై ముద్రించిన గడువే ప్రమాణము. ఇంట దంచుకొన్న త్రిఫలాచూర్ణమును మాత్రము కొలదిగా చేసికొని, పొడి చెంచాతో తీసికొని, రెండు నెలలలో ముగించుట మేలు.

అపార్టుమెంటులలో నివసించువారు ఒక పని చేయవలెను. ఈ వారములోనే మెట్లు దిగి, మీ భవనము క్రింది భాగమున, మెట్ల సందులలో ఏమి నిలువయున్నదో చూడుడు. డ్రమ్ములు, రంగుల డబ్బాలు, పాత పరుపులు ఉన్నచో సంఘము సమావేశమున అడుగుడు. అడిగినవారిని చాదస్తులందురు. అననిండు.

గోదాములు కలిగిన పాఠకులు ఈ పత్రికకు ఎందరో కలరు. వారికి నా మనవి ఒక్కటే. మీ గోదాము నీరటి ఎవరో ఈ రాత్రి భోజనమునకు కూర్చుండకమునుపే నిశ్చయింపుడు. రేపు ఉదయము అతని చేతికి తాళపుచెవితోపాటు ఒక పుస్తకమును ఇండు. మొదటి పుటలో అతడు వ్రాయు మొదటి లోపమును ఆ దినముననే సరిచేయింపుడు.